తిరగడం ఇష్టం, అడవి ఇష్టం: ఎకాలజిస్ట్ కావడానికి ఇంకేం కావాలి?

కొండలెక్కడం ఇష్టం, అడవిలో గంటల తరబడి నడవడం ఇష్టం, కొత్త పిట్ట కనబడితే ఆ రోజంతా సంబరం. ఇలాంటివాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఒక ఆలోచన వస్తుంది: దీన్నే పనిగా చేసుకోవచ్చా అని. నిక్షేపంగా చేసుకోవచ్చు. ఎకాలజీలోకి, అంటే జీవులకూ వాటి పరిసరాలకూ ఉన్న సంబంధాలను పరిశీలించే శాస్త్రంలోకి, వచ్చేవాళ్లలో బోలెడంతమంది ఈ దారినే వస్తారు. కాకపోతే ఆ ఇష్టానికి ఒక పద్ధతి తోడవ్వాలి. ఆ పద్ధతి ఎలా ఉంటుంది, ఎక్కడెక్కడ దెబ్బతింటుంది, చదువు మొదలవకముందే ఎంతవరకు నేర్చుకోవచ్చు అన్నది ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ప్రయాణాలంటే ఇష్టపడేవాళ్లు ఇంతవరకూ చూడని చోటు కోసం వెతుకుతారు. ఎకాలజిస్టులు చూసిన చోటికే మళ్లీ మళ్లీ వెళ్తారు, వెళ్లిన ప్రతిసారీ ఒకే తీరులో లెక్కపెడతారు. ఒక్కసారి చూస్తే అక్కడ ఏముందో తెలుస్తుంది. ఏం మారుతోంది, ఎందుకు మారుతోంది అన్నది తెలియాలంటే పక్కన పెట్టి పోల్చుకోవడానికి ఇంకో లెక్క కావాలి. తక్కిన నైపుణ్యాలన్నీ ఈ ఒక్క అవసరం చుట్టూ పుట్టినవే.

రాతలో ఉంటేనే పనికొస్తుంది

1802లో ప్రకృతి శాస్త్రవేత్తలు అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్, ఏమే బోన్‌ప్లాన్ ఆండీస్ పర్వతాల్లోని చింబొరాజో ఎక్కారు. శిఖరం దాకా చేరలేకపోయారు. అయితే ఆ ప్రయాణాల్లో వెంట బారోమీటర్ (గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు తెలుసుకునే పరికరం) మోసుకెళ్లి, ఏ మొక్క ఏ ఎత్తులో కనిపించిందో రాసుకున్నారు. 1807లో అచ్చయిన వాళ్ల పటంలో కొండను నిలువునా కోసినట్టు గీసి, మొక్కల పేర్లను వాటి వాటి ఎత్తుల దగ్గర వేశారు. 2012లో పరిశోధకులు ఆ కొండకే వెళ్లి మళ్లీ కొలిచారు. మొక్కల పై హద్దు 500 మీటర్లకు మించి ఎగబాకిందని 2015లో ప్రచురించారు. 2019లో మరో బృందం హంబోల్ట్ పాత కాగితాలు తిరగేస్తే అసలు సంగతి బయటపడింది. పటంలో చెట్ల హద్దుకు పైన చూపించిన మొక్కల వివరాలు చాలామటుకు చింబొరాజోవి కావు, అంతిసానా అనే వేరే కొండవి. అంతిసానాకే వెళ్లి పోల్చి చూస్తే ఆ పెరుగుదల ముందు చెప్పినదాంట్లో దాదాపు సగమే ఉంది. మొక్కలు పైకి పాకుతున్న మాట నిజమే. ఎంత పాకాయన్నది మాత్రం ఏ మొక్క ఏ కొండ మీద దొరికిందన్న చిన్న వివరం మీద ఆధారపడింది.

డార్విన్‌కూ ఇలాంటి చిక్కే వచ్చింది. 1835లో గలాపగోస్‌లో పట్టిన చిన్న పిట్టలకు ఏది ఏ దీవిలో దొరికిందో ఆయన సరిగ్గా గుర్తు వేయలేదు. 1837లో పక్షి శాస్త్రవేత్త జాన్ గౌల్డ్ అవి వేర్వేరు జాతులని చెప్పాక, ఓడలో తనతోపాటు వచ్చిన కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ తదితరుల సేకరణలు చూసి దీవుల పేర్లు తెలుసుకోవాల్సి వచ్చింది. ఆ కాలపు మరో ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ వాలెస్ పడిన కష్టం ఇంకా పెద్దది. అమెజాన్‌లో నాలుగేళ్లు తిరిగి 1852లో ఇంటికి వస్తుంటే నడిసముద్రంలో ఓడ తగలబడిపోయింది. కొన్ని బొమ్మలు, కొద్దిపాటి రాతలు తప్ప సేకరించినదంతా పోయింది.

కాబట్టి మొదట నేర్చుకోవాల్సింది నోట్సు రాయడం. పెన్సిల్, గట్టి అట్ట ఉన్న చిన్న పుస్తకం చాలు. మామూలు పెన్ను సిరా వానకు చెదిరిపోతుంది, పెన్సిల్ గీత నిలుస్తుంది. పేజీ పైన తేదీ, మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, చోటు, ఆకాశంలో ఎనిమిదింట ఎన్ని వంతులు మబ్బు కమ్మింది, గాలి ఎలా ఉంది, వెంట ఎవరున్నారు అన్నవి ఉండాలి. ఆ కింద ఏం కోసం వెతికారు, ఎంత దూరం నడిచారు అని రాయాలి. చూసినవి ఆ తర్వాతే. కళ్లారా చూసినదాన్నీ, అది చూసి ఊహించినదాన్నీ వేరు చేసి రాయడం అలవాటు చేసుకోండి. "పిట్ట నోట్లో పుల్ల పట్టుకుని పొదలోకి వెళ్లింది" అన్నది చూసినది. "గూడు కడుతోంది" అన్నది ఊహ. పదేళ్ల తర్వాత చదివేవాళ్లకు మొదటి వాక్యం ఎక్కువ పనికొస్తుంది.

అక్షాంశ రేఖాంశాల దగ్గర జరిగే పొరపాటు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 12 డిగ్రీల 30 నిమిషాలు అంటే దశాంశంలో 12.5. దాన్ని హడావిడిలో 12.30 అని ఎక్కిస్తే చుక్క 22 కిలోమీటర్ల అవతల పడుతుంది. కొండ మీద మొక్క కాస్తా సముద్రంలో తేలుతుంది. అందుకే ఫోనులోనూ జీపీఎస్‌లోనూ మొదటి రోజే దశాంశ డిగ్రీలు ఎంచుకుని ఇక మార్చకండి. చుక్క తర్వాత రెండంకెలే ఉంచితే ఒక కిలోమీటరు దాకా తేడా రావచ్చు, ఐదంకెలుంటే ఒక మీటరు. చెట్ల కింద జీపీఎస్ ఎలాగూ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది కాబట్టి ఐదుకు మించి అక్కర్లేదు. ఇంకో దేశం వెళ్లినప్పుడు కెమెరాలో గడియారం మార్చడం చాలామంది మరచిపోతారు. దీనికి మందు సులువే: రోజూ మొదటి ఫొటో ఫోనులో టైము కనబడే తెరను తీయండి. తర్వాత ఎంత తేడా ఉందో లెక్కగట్టి అన్ని ఫొటోలకూ సరిచేయవచ్చు. ఆ రోజు నోట్సు ఆ రాత్రే ఫొటో తీసి రెండు వేర్వేరు చోట్ల దాచండి.

బర్క్‌లీలోని మ్యూజియం ఆఫ్ వెర్టిబ్రేట్ జువాలజీకి మొదటి డైరెక్టరైన జోసెఫ్ గ్రినెల్ ఈ అలవాటును అక్కడ పనిచేసే అందరికీ నియమంగా పెట్టారు. 20వ శతాబ్దం మొదట్లో ఆయన బృందం యోసెమిటీ కొండల్లో చిన్న జంతువుల సర్వే చేసింది. ఎన్ని బోనులు పెట్టారో, ఎన్ని రాత్రులు పెట్టారో, ఏ బోనులో ఏమీ పడలేదో అన్నీ రాశారు. సుమారు 90 ఏళ్ల తర్వాత మళ్లీ అవే దారుల్లో సర్వే చేసి 2008లో ఫలితాలు ప్రచురించారు. చూసిన 28 జాతుల్లో సగం దాకా సగటున 500 మీటర్లు పైకి జరిగాయని తేలింది. దొరికినవాటి జాబితా ఒక్కటే ఉంటే ఈ మాట ఇంత నమ్మకంగా చెప్పడానికి వీలయ్యేది కాదు. ఖాళీ బోనుల లెక్క ఉండబట్టే "అప్పుడు అక్కడ లేదు" అన్నదాన్నీ "ఉన్నా పడలేదు" అన్నదాన్నీ విడదీసి చూడగలిగారు.

పదిహేను నిమిషాల దూరంలో ఒక చోటు

సాధన కోసం దూరాలు వెళ్లక్కర్లేదు. నడిచి పదిహేను నిమిషాల్లో చేరగలిగే చెరువు గట్టో, తోట అంచో, రోడ్డు పక్క చెట్ల వరుసో ఎంచుకోండి. అక్కడ పది చెట్లకు నంబర్లు వేసి, వారానికోసారి ఒకే రోజున చూసి, లేతాకు, పువ్వు, కాయ ఈ మూడింటికీ 0, 1, 2 అని మార్కులు వేయండి. అస్సలు లేకపోతే 0, కొమ్మల్లో సగం కన్నా తక్కువ ఉంటే 1, సగమో అంతకు పైనో ఉంటే 2. ఏడాది గడిచేసరికి ఐదు వందలకు పైగా వరుసలున్న పట్టిక మీ చేతిలో ఉంటుంది. ఈ పని చెడిపోయేది "ఈ వారం ఏమీ లేదు" అనిపించిన వారాల్లోనే. మూడు వారాలు మానేసి నాలుగో వారం వెళ్తే చెట్టు నిండా పూలుంటాయి. ఎప్పుడు మొదలయ్యాయో తెలియదు, మొదలైన తేదీయే లేకపోతే వచ్చే ఏడాదితో పోల్చడానికి ఏమీ మిగలదు.

ఈ చూపుకు ఓపిక పెరిగాక ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. మంచి ప్రశ్నకు ఖరీదైన పరికరాలు అక్కర్లేదని చెప్పడానికి ఎకాలజిస్టు రాబర్ట్ మెకార్థర్ పని కన్నా గొప్ప ఉదాహరణ నాకు కనిపించదు. ఒకే రకం చెట్ల మీద, ఒకే తరహా పురుగులు తింటూ, ఐదు జాతుల వార్బ్లర్ పిట్టలు ఎలా కలిసి బతుకుతున్నాయన్నది ఆయన ప్రశ్న. చెట్టును మనసులో భాగాలుగా విడగొట్టుకుని, ఏ పిట్ట ఏ భాగంలో ఎన్ని సెకన్లు గడిపిందో లెక్కపెట్టారు. ఒకటి చిటారు కొమ్మల చివర్ల దగ్గర, ఒకటి మధ్య భాగంలో, ఇంకొకటి కింద, ఇలా పంచుకుని తింటున్నాయని 1958లో చూపించారు. మరో ఎకాలజిస్టు రాబర్ట్ పెయిన్ ఇంకో అడుగు ముందుకేసి, ఊరికే చూడటం కాకుండా ఒకదాన్ని తీసేస్తే ఏమవుతుందో పరీక్షించారు. పసిఫిక్ తీరం రాళ్ల మీద ఒక ముక్కలో ఆల్చిప్పలను తినే నక్షత్ర చేపలను ఏరేస్తూ వచ్చారు, పక్క ముక్కను అలాగే వదిలేశారు. తీసేసిన చోట ఆల్చిప్పల జాతి ఒకటి రాళ్లన్నిటినీ ఆక్రమించుకుంటూ పోయింది. ముందున్న 15 జాతులు 8కి తగ్గాయని 1966లో రాశారు.

"ఈ అడవిలో ఏమేం ఉన్నాయి?" అన్నది మొదలుపెట్టడానికి బాగుంటుంది గానీ దానికి అంతులేదు. "పశువులు మేసే చోటా, మేయని చోటా గడ్డి జాతుల సంఖ్యలో తేడా ఉందా?" అన్నదానికి జవాబు దొరుకుతుంది. దేన్ని దేంతో పోలుస్తున్నారో, ఏం కొలుస్తారో, ఏ ఫలితం వస్తే మీ ఊహ తప్పని ఒప్పుకుంటారో బయల్దేరకముందే ఒక కాగితం మీద రాసి పెట్టండి.

ఒక చతురస్రం, పాతిక గళ్లు

ఆ గడ్డి ప్రశ్ననే తీసుకుని పని ఎలా సాగుతుందో చూద్దాం. ప్లాస్టిక్ పైపుతో లోపలి కొలత 50 సెంటీమీటర్లు ఉండేలా ఒక చతురస్రం చేయండి. దీన్ని క్వాడ్రాట్ అంటారు. ప్రతి 10 సెంటీమీటర్లకూ దారం కడితే 25 గళ్లు వస్తాయి. ఒక జాతి ఎన్ని గళ్లలో కనబడిందో లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే శాతం వచ్చేస్తుంది. ఏడు గళ్లలో ఉంటే 28. "సుమారు పావు వంతు ఉంది" అని కంటితో అంచనా కట్టడం కన్నా ఇది మేలు. కంటి అంచనా మనిషిని బట్టి మారుతుంది, అలసటను బట్టీ మారుతుంది. మధ్యాహ్నం దాటాక అందరి అంచనాలూ వదులవుతాయి. గళ్ల లెక్క ఎవరు చేసినా దగ్గర దగ్గరగానే వస్తుంది.

దారం మీద పడిన మొక్కను ఏ గడిలో వేయాలన్నది మొదటి క్వాడ్రాట్‌లోనే ఎదురవుతుంది. వేళ్లున్న చోటును బట్టి లెక్కపెట్టాలా, ఆకు వాలిన చోటును బట్టా అన్నది ముందే తేల్చుకుని అదే చివరిదాకా పాటించాలి. మొక్కల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టేటప్పుడు అంచు మీద ఉన్నవాటికి ఒక నియమం ఉంది: ఎడమ అంచు, పై అంచు తాకినవాటిని కలుపుకోవాలి, కుడి అంచు, కింది అంచు తాకినవాటిని వదిలేయాలి. అన్నీ కలుపుకుంటే లెక్క పెరుగుతుంది, అన్నీ వదిలేస్తే తరుగుతుంది.

క్వాడ్రాట్ ఎక్కడ వేయాలన్నది ఇంకా ముఖ్యం. భుజం మీదుగా వెనక్కి విసిరితే యాదృచ్ఛికం అవుతుందని ఇప్పటికీ కొందరు నేర్పుతుంటారు. కాదు. విసిరే మనిషి ముళ్లపొద వైపు తిరిగి నిలబడడు, బురదలోకి విసరడు. 30 మీటర్ల టేపులు రెండు తీసుకుని మూలమట్టంగా పరిచి, ఫోనులో 0 నుంచి 30 మధ్య రెండేసి యాదృచ్ఛిక సంఖ్యలు తీసి, అవి కలిసే చోట వేయాలి. ఆ చోటు ముళ్లపొదలో పడితే ముళ్లపొదలోనే వేయాలి. ఈ ఒక్క విషయంలో రాజీ పడితే మిగతా లెక్కంతా నడవడానికి వీలున్న నేల గురించి మాత్రమే చెబుతుంది.

ఎన్ని వేయాలి? ఒక్కో క్వాడ్రాట్ వేసినప్పుడు అప్పటిదాకా దొరికిన మొత్తం జాతుల సంఖ్యను గ్రాఫు మీద పెడుతూ పోండి. మొదట్లో గీత నిటారుగా లేస్తుంది, తర్వాత వంగుతుంది. చివరి ఐదింట్లో కొత్త జాతి ఒకటో అరో తప్ప రాకపోతే ఆపవచ్చు. గడ్డి నేలకు అర మీటరు చతురస్రం సరిపోతుంది. పొదలకు 5 మీటర్లు, చెట్లకు 10 నుంచి 20 మీటర్ల చతురస్రం కావాలి. చెట్టు లావు నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో కొలుస్తారు. ఏటవాలు నేల మీద పై వైపు నిలబడి ఆ ఎత్తు తీసుకోవాలి. చుట్టుకొలతను 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది.

ఇప్పుడు అసలు ఉచ్చు చెబుతాను. కంచె వేసిన మైదానం ఒకటి దొరికింది, లోపల 20, బయట 20 క్వాడ్రాట్లు వేశారు, తేడా కనబడింది. సంతోషించకండి. మీ దగ్గరున్నది 20కి 20 కాదు, ఒకటికి ఒకటి. ఆ కంచె లోపలి నేల ముందునుంచే కాస్త తడిగా ఉండి ఉండవచ్చు. మేత ప్రభావం గురించి మాట్లాడాలంటే వేర్వేరు చోట్ల ఉన్న ఐదారు కంచెలు కావాలి, ఒక్కోదాంట్లో క్వాడ్రాట్లు తక్కువైనా పర్వాలేదు. స్టూవర్ట్ హర్ల్‌బర్ట్ 1984లో ఈ తప్పుకు సూడోరెప్లికేషన్ అని పేరు పెట్టి, ప్రచురితమైన పరిశోధనల్లోనే ఇది ఎంత విరివిగా ఉందో చూపించారు. ఇప్పటికీ విద్యార్థుల ప్రాజెక్టులు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. సరిదిద్దుకోవడానికి సమయం బయల్దేరే ముందే ఉంటుంది. లెక్కలన్నీ తెచ్చుకున్నాక ఏ గణాంక పద్ధతీ దీన్ని రక్షించలేదు.

కనబడనంత మాత్రాన లేనట్టు కాదు

జంతువులు మొక్కల్లా నిలబడి ఉండవు. పక్షుల లెక్కకు వాడే మామూలు పద్ధతి పాయింట్ కౌంట్. ఒక చోట నిలబడి, మీ అలికిడికి బెదిరినవి సర్దుకోవడానికి రెండు నిమిషాలు ఆగి, ఆ తర్వాత పది నిమిషాల్లో కనబడినవీ వినబడినవీ అన్నీ రాయాలి. 25 మీటర్ల లోపు, 25 నుంచి 50, ఆ పైన అని దూరాలు వేరుగా వేసుకోవాలి. పాయింటుకూ పాయింటుకూ కనీసం 200 మీటర్లు ఉండాలి, లేకపోతే అదే పిట్టను రెండుసార్లు లెక్కపెడతారు. సూర్యోదయం నుంచి మూడు, నాలుగు గంటల్లోపు ముగించాలి. వానలో, ఆకులు ఆగకుండా ఊగేంత గాలిలో చేయకూడదు.

దట్టమైన అడవిలో ఎక్కువ భాగం చెవితో జరిగే పని ఇది. అందుకే పాటలు నేర్చుకోకుండా మంచి బైనాక్యులర్ కొనడం వల్ల ఒరిగేది తక్కువ. కొంటే 8×42 తీసుకోండి. 8 అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో. 10×42 దగ్గరగా చూపిస్తుంది, కానీ చేతి వణుకునూ పెంచి చూపిస్తుంది, మసక వెలుతురులో బొమ్మ చీకటిగా ఉంటుంది. 42ను 8తో భాగిస్తే 5.25, 10తో భాగిస్తే 4.2. కంటికి చేరే వెలుతురు కట్ట మిల్లీమీటర్లలో అంత వెడల్పు. తెల్లవారుజామున ఆ తేడా తెలుస్తుంది.

సరే, మూడుసార్లు వెళ్లారు, గుడ్లగూబ వినబడలేదు. అక్కడ లేదని రాయవచ్చా? ఒక్కసారి వెళ్తే అది అక్కడ ఉంటే వినబడే అవకాశం 30 శాతం అనుకుందాం. మూడుసార్లూ తప్పిపోయే అవకాశం 0.7ను మూడుసార్లు గుణిస్తే వస్తుంది, అంటే 34 శాతం. ఐదుసార్లు వెళ్తే 17 శాతం. తొమ్మిదిసార్లు వెళ్తే గానీ 4 శాతానికి దిగదు. ఒక చోటికి ఎన్నిసార్లు వెళ్లాలన్నది సెలవులను బట్టి కాకుండా ఈ లెక్కను బట్టి తేలాలి. వెళ్లిన ప్రతిసారీ ఫలితం 0 అయినా 1 అయినా విడివిడిగా రాసి ఉంచితే, కనబడే అవకాశం ఎంతో ఆ పట్టిక నుంచే లెక్కగట్టే పద్ధతులున్నాయి. "మూడుసార్లు వెళ్లాం, ఒకసారి వినబడింది" అని కలిపి రాస్తే ఏ రోజున ఏ వాతావరణంలో వినబడిందో పోతుంది.

పట్టి గుర్తు వేసి వదిలే పద్ధతికి నత్తలు మంచి సాధన. మొదటి రోజు 40 నత్తలకు గుల్ల మీద చుక్క పెట్టి వదిలారు. కొన్ని రోజుల తర్వాత 50 దొరికాయి, వాటిలో 10కి చుక్క ఉంది. మూడు అంకెలకూ ఒక్కొక్కటి కలిపి, 41ని 51తో గుణించి, 11తో భాగించి, ఒకటి తీసేస్తే 189. అక్కడి నత్తల సంఖ్యకు అది అంచనా. ఈ లెక్క నిలబడాలంటే మధ్యలో కొత్తవి రాకూడదు, ఉన్నవి పోకూడదు, చుక్క చెరిగిపోకూడదు, చుక్క ఉన్నదీ లేనిదీ సమానంగా దొరకాలి. మెరిసే రంగు గుల్ల పైన పెడితే పిట్టల కళ్లకు తేలిగ్గా దొరికి అవే ముందు పోతాయి. అంచనా ఉన్నదానికన్నా పెరుగుతుంది, పాపం నత్తలకూ నష్టమే. గుల్ల అంచు కింది వైపు పెట్టాలి.

పేర్లు నేర్చుకోవడం, ప్రయాణాలను వాడుకోవడం

పేర్లు తెలియకుండా ఎకాలజీ సాగదు. అన్నీ కొంచెం కొంచెం నేర్చుకునే కన్నా ఒక గుంపును పట్టుకుని లోతుగా వెళ్లండి. సీతాకోకచిలుకలు, సాలీళ్లు, గడ్డి జాతులు, ఏదైనా సరే. నా ఉద్దేశంలో అందరూ పక్షుల వెంట పడుతున్నప్పుడు గడ్డినో నాచునో ఎంచుకున్నవాళ్లకు పని తొందరగా దొరుకుతుంది, వాటిని గుర్తుపట్టేవాళ్లు తక్కువ కాబట్టి. మొక్క ఫొటో తీసేటప్పుడు పువ్వు ఒక్కటే తీస్తే చాలదు. మొత్తం మొక్క, కాండం మీద ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా ఒకదాని తర్వాత ఒకటిగా ఉన్నాయా, ఆకు అడుగు భాగం, పువ్వు ముందు నుంచీ పక్క నుంచీ, కాయ, బెరడు అన్నీ కావాలి. చాలా జాతుల తేడా ఆకు అడుగున ఉన్న నూగులోనో, ఆకు కాడ మొదట్లో ఉన్న చిన్న రెక్కలోనో ఉంటుంది. పదిరెట్ల భూతద్దాన్ని కంటికి ఆనించి, మొక్కను దాని దగ్గరకు తీసుకురావాలి. చెయ్యి చాచి చూస్తే ఏమీ కనబడదు. ఫోను యాప్ చెప్పిన పేరును జవాబుగా తీసుకోకండి, ఎక్కడ వెతకడం మొదలుపెట్టాలో చెప్పిందనుకోండి. పేరు తేలకపోతే "గడ్డి జాతి 3" అని రాసి ఫొటో నంబరు వేయండి. తెలియనిదానికి తెలిసిన పేరు తగిలిస్తే తర్వాత ఎవరూ దాన్ని పట్టుకోలేరు.

ప్రయాణాల్లో ఒక్కో చోట గడిపేది కొన్ని గంటలే అయినా ఆ చూపు వృథా కాదు. కార్నెల్ పక్షి పరిశోధన సంస్థ 2002లో మొదలుపెట్టిన పక్షుల జాబితాల వెబ్‌సైట్ ఈబర్డ్‌లో మీరు గుర్తుపట్టిన పక్షులన్నీ రాశారా అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు అవునని చెప్పగలిగే జాబితాలే ఎక్కువ విలువైనవి. అరుదైన పిట్ట ఒక్కటే రాసి కాకిని వదిలేస్తే, కాకులు లేవో మీరు రాయలేదో ఎవరికీ తెలియదు. పది కిలోమీటర్లు నడిచి ఒక్క జాబితా ఇచ్చే బదులు కిలోమీటరుకొకటి చొప్పున విడగొడితే ఏ పక్షి ఎలాంటి చోట ఉందో నిలుస్తుంది. 2008లో మొదలైన ఐనాచురలిస్ట్ అన్ని జీవులకూ పనికొస్తుంది. అక్కడ ఫొటో, తేదీ, చోటు ఉండి, పేరు మీద చూసినవాళ్లలో మూడింట రెండొంతులకు పైగా ఒప్పుకుంటే ఆ నమోదు జీబీఐఎఫ్ అనే ప్రపంచ భాండాగారానికి చేరే వీలుంది. కుండీలో మొక్కను, పెంపుడు జంతువును అడవివాటిగా నమోదు చేయడం అక్కడ కొత్తవాళ్ల చేతిలో తరచూ జరిగే పొరపాటు.

మనం వెళ్లడం వల్ల జరిగే హాని గురించి కూడా ఖచ్చితంగా ఉండాలి. బూట్ల మడతల్లో విత్తనాలు, మట్టిలో శిలీంధ్రాలు చోటు మారతాయి. 1999లో పేరు పెట్టిన కైట్రిడ్ శిలీంధ్రం ఎన్నో కప్ప జాతుల్ని తుడిచిపెట్టింది, అది నీటి ద్వారా, తడి మట్టి ద్వారా పాకుతుంది. ఒక నీటి మడుగు నుంచి ఇంకో మడుగుకు వెళ్లే ముందు బూట్లనూ వలలనూ బ్రష్‌తో రుద్ది మట్టి వదిలించి, సూక్ష్మజీవులను చంపే మందులో (డిస్ఇన్ఫెక్టెంట్) తడిపి, పూర్తిగా ఆరబెట్టాలి. మట్టి ఉండగా మందు పోస్తే మందు లోపలికి దిగదు, అందుకే రుద్దడం ముందు. గూళ్ల దగ్గర నిలబడకండి, పిట్టను రప్పించడానికి దాని పాట రికార్డింగ్ మళ్లీ మళ్లీ వేయకండి, అరుదైన జాతి ఉన్న చోటును ఖచ్చితమైన అంకెలతో బయటపెట్టకండి. ఈక, గుల్ల, ఎండిన ఆకు లాంటివి సంచిలో వేసుకునే ముందు ఆ దేశపు అనుమతులు చూసుకోవాలి. అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారం మీద 1975 నుంచి అమల్లో ఉన్న సైటీస్ ఒప్పందం, జన్యు వనరుల వాడకం, వాటి లాభాల పంపకం మీద 2014లో అమల్లోకి వచ్చిన నగోయా ప్రోటోకాల్ సరిహద్దులు దాటే నమూనాలకు వర్తిస్తాయి. పరిశోధన అనుమతికి నెలలు పట్టడం మామూలే. టికెట్టు కొన్నాక దరఖాస్తు పెట్టడం చాలా ప్రాజెక్టుల్ని ముంచుతుంది.

చదువు, పని

డిగ్రీలో వృక్షశాస్త్రమో జంతుశాస్త్రమో జీవశాస్త్రమో ఏది ఉన్నా, దాంతోపాటు గణాంక శాస్త్రం గట్టిగా చదవాలి. ఇందులో తప్పించుకునే దారి లేదు. ఆర్ అనే కంప్యూటర్ భాష ఉచితంగా దొరుకుతుంది, ఎకాలజీలో ఎక్కువ విశ్లేషణ దాంట్లోనే నడుస్తుంది. మ్యాపుల కోసం క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్, అదీ ఉచితమే. మీ పది చెట్ల పట్టిక ఉంది కదా, నేర్చుకోవడానికి దాన్నే వాడండి. ఒక వరుసలో ఒక పరిశీలన, ఒక గడిలో ఒక విలువ, రంగులతో అర్థాలు చెప్పకపోవడం, ఖాళీ గడికీ సున్నాకీ తేడా పాటించడం, ఈ నాలుగూ పట్టుబడితే సగం తలనొప్పి పోతుంది. ఖాళీ అంటే చూడలేదని, సున్నా అంటే చూశాం లేదని. తేదీని సంవత్సరం, నెల, రోజు వరుసలో రాస్తే ఏ కంప్యూటరూ తారుమారు చేయదు.

ఉద్యోగం విశ్వవిద్యాలయంలోనే ఉండాలని లేదు. సంరక్షణ సంస్థలు, అటవీ శాఖలు, ప్రాజెక్టుల వల్ల పర్యావరణంపై పడే ప్రభావాన్ని అంచనా వేసే సంస్థలు, ఉపగ్రహ చిత్రాలతో పనిచేసే బృందాలు, మ్యూజియాలు అన్నిటికీ ఎకాలజిస్టులు కావాలి. తిరగడం కోసమే వచ్చేవాళ్లు ఒకటి తెలుసుకుని రావాలి: బయట గడిపిన వారానికి కంప్యూటర్ ముందు అంతకు ఎన్నో రెట్ల కాలం ఉంటుంది. బయట ఉన్నప్పుడు కూడా ఎక్కువ పని ఒకే చోట ఒకే కొలత తీయడమే. చెట్లకు నంబర్లు వేయడం ఇష్టంగా చేయగలిగినవాళ్లకు ఈ వృత్తి బాగా నప్పుతుంది.

మొదటి అవకాశం ఎక్కువగా ఫీల్డ్ అసిస్టెంట్‌గా దొరుకుతుంది. పరిశోధకులకు ఉత్తరం రాసేటప్పుడు ప్రకృతి మీద ప్రేమ గురించి ఒక వాక్యం చాలు. వాళ్ల పనిలో మీరు చదివిన ఒక పేపరు, అందులో మీకు వచ్చిన ఒక సందేహం, మీరు గుర్తుపట్టగల జాతుల గుంపు, మీరు సొంతంగా తీసిన లెక్కల పట్టిక, ఏ నెల నుంచి ఏ నెల దాకా రాగలరు, ఇవి ఉండాలి. పేజీ దాటకూడదు. పది రోజుల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తు చేయండి, ఫీల్డులో ఉన్నవాళ్లకు ఉత్తరాలు చూసే వీలుండదు. ఒప్పుకునే ముందు మీరూ అడగాల్సినవి ఉన్నాయి: జీతం ఉందా, తిండి, బస ఎవరివి, బీమా ఉందా, దగ్గరి ఆసుపత్రి ఎన్ని గంటల దూరం, ఫోను అందని చోట కబురు ఎలా పంపుతారు, ఒంటరిగా బయటికి పంపుతారా, సేకరించిన లెక్కల్లో మీ పేరు ఎక్కడ ఉంటుంది. ఈ ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబిచ్చే బృందంతోనే వెళ్లండి.